గోల్డ్ విలువ పడిపోవడం, ఒకే గిల్డ్ పెత్తనం: రెండింటికీ మూలం ఒక్కటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చిన్న టీమ్‌గా ఒక మల్టీప్లేయర్ గేమ్ తయారుచేస్తున్నారు. అందులో గనులు, చేతిపనులు, మార్కెట్, గిల్డ్‌లు (ఆటగాళ్లు కట్టుకునే సంఘాలు), గిల్డ్‌లు పట్టుకునే భూభాగాలు ఉన్నాయి. టెస్టింగ్ మొదలైన కొద్ది వారాలకే గోల్డ్ విలువ పడిపోయింది. అదే సమయంలో ఒకే గిల్డ్ మంచి గనులన్నీ చేజిక్కించుకుని మిగతావాళ్లను దరిదాపులకు రానివ్వడం లేదు. మార్కెట్ పన్ను పెంచాలా, గిల్డ్‌లో సభ్యుల సంఖ్యకు పరిమితి పెట్టాలా అని అడిగారు.

నేను చాలాకాలం ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష గేమ్‌లో ఒక కార్పొరేషన్ (అక్కడ గిల్డ్‌ని అలా అంటారు) ఖజానా లెక్కలు చూశాను. తర్వాత గేమ్ ఎకానమీల డిజైన్ పనిలోకే వచ్చాను. నా మాట సూటిగా చెప్తాను. మీ రెండు సమస్యలకూ మూలం ఒకే చోట ఉంది. గిల్డ్ నాయకుల ఖజానాకు డబ్బు ఏ దారిన వస్తోందో ముందు అది చూడండి. ఆ దారి మార్చకుండా పన్ను పెంచితే దెబ్బ కొత్తవాళ్ల మీద పడుతుంది, పరిమితి పెడితే ఆ పెద్ద గిల్డ్ మూడు పేర్లతో మూడు గిల్డ్‌లుగా మారి మళ్లీ అదే పని చేస్తుంది.

డబ్బు సంగతితో మొదలుపెడతాను. బయట ఒకరి జీతం ఇంకొకరి జేబులోంచి వస్తుంది. గేమ్‌లో ఆటగాడు ఒక రాక్షసుణ్ణి చంపగానే సర్వర్ అప్పటికప్పుడు కొత్త గోల్డ్ పుట్టిస్తుంది. ఎంతమంది ఎన్ని గంటలు ఆడితే అంత కొత్త డబ్బు. ఇలా డబ్బు పుట్టే దారుల్ని ఫాసెట్లు అంటాం, ప్రపంచంలోంచి శాశ్వతంగా పోయే దారుల్ని సింక్‌లు అంటాం. రిపేరు ఖర్చులు, ప్రయాణ రుసుములు, మార్కెట్ కమీషన్ సింక్‌లు. ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునేది ఈ రెండింట్లోనూ రాదు, అక్కడ డబ్బు చేతులు మారుతుందంతే. ఆక్షన్ హౌస్, అంటే ఆటగాళ్లు సరుకు అమ్ముకునే మార్కెట్, కళకళలాడుతోంది కాబట్టి ఎకానమీ బాగుందని చాలామంది పొరబడతారు.

ఫాసెట్‌కి చిన్న చిల్లు పడినా ఎంత నష్టమో 1986లోనే తేలిపోయింది. లూకాస్‌ఫిల్మ్ తయారుచేసిన హ్యాబిటాట్ అనే ఆన్‌లైన్ ప్రపంచంలో ఒక మెషిన్ బొమ్మను 75 టోకెన్లకు అమ్మేది, వేరే చోట ఉన్న ఇంకో మెషిన్ అదే బొమ్మను 100కి కొనేది. స్ఫటిక గోళం 18,000కి దొరికేది, 30,000కి అమ్ముడుపోయేది. ఈ తేడా కనిపెట్టిన కొందరు రాత్రంతా అటూ ఇటూ తిరిగారు. తెల్లారేసరికి ఆ ప్రపంచంలో ఉన్న మొత్తం డబ్బు అయిదు రెట్లు అయింది. అక్కడ ఎవరూ హ్యాకింగ్ చేయలేదు. రెండు ధరలు రాసినవాళ్లు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. మీ గేమ్‌లో ఎన్‌పీసీలు (కంప్యూటరే నడిపే పాత్రలు) వస్తువులు కొనే ప్రతిచోటా ఈ తనిఖీ ఈరోజే చేయండి.

డబ్బు పుట్టనివ్వకుండా మొత్తం బిగించేస్తే సరిపోతుందా అంటే, 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ అదీ ప్రయత్నించింది. ప్రపంచంలో మొత్తం వనరులు ఇంతే, వాడినవి తిరిగి చలామణిలోకి రావాలి అని డిజైన్ చేశారు. ఆటగాళ్లు వాడితే కదా తిరిగి రావడానికి! దొరికిందల్లా ఇళ్లలో దాచుకున్నారు. దాచిన సరుకు బయటికి రాక ప్రపంచం ఖాళీ అవుతూ వచ్చింది, చివరికి ఆ పద్ధతి వదిలేయక తప్పలేదు. పైగా చేతిపనిలో స్కిల్ పెరగాలంటే ఏదో ఒకటి తయారుచేస్తూనే ఉండాలి కాబట్టి, ఎవరికీ అక్కర్లేని సరుకు గుట్టలుగా పేరుకుంది. మీ గేమ్‌లోనూ తయారుచేసినందుకే అనుభవ పాయింట్లు ఇస్తున్నారని రాశారు. అది తీసేయమంటాను. తయారుచేసిన వస్తువు ఎవరైనా వాడి అరగదీసినప్పుడు పాయింట్లు ఇవ్వండి, లేదా అడిగినవాళ్ల ఆర్డర్ పూర్తిచేసినప్పుడు ఇవ్వండి.

పన్ను గురించి అడిగారు కాబట్టి, స్థిరమైన రుసుము కన్నా శాతం మంచిది. తలా ఇంత అని పెడితే పెద్ద వ్యాపారికి అది లెక్కలోకి రాదు, కొత్తవాడికి రోజు సంపాదనంతా పోతుంది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో 2021 డిసెంబరులో గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ అనే మార్కెట్‌లో అమ్మకాల మీద 1 శాతం పన్ను పెట్టారు. ఆ వసూలులో కొంత భాగంతో, ఎక్కువగా పేరుకుపోయిన వస్తువులను కంపెనీయే మార్కెట్లో కొని చెరిపేస్తుంది. ఒకే దెబ్బతో డబ్బూ తగ్గుతుంది, అదనపు సరుకూ తగ్గుతుంది. నేను చూసిన పద్ధతుల్లో చాలా తెలివైనవాటిలో ఇదొకటి. పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఇంకో దారి పట్టింది. అక్కడ ఆటగాళ్లు డబ్బుగా వాడుకునే ఆర్బ్‌లు నిజానికి ఆయుధాలను, కవచాలను మార్చే పనిముట్లు. వాడితే ఖర్చయిపోతాయి. ఖర్చుపెట్టాలన్న కోరిక ప్రతి నాణెంలోనూ ఉంది. దానికితోడు కొన్ని నెలలకొకసారి కొత్త లీగ్ వస్తుంది, అందరూ సున్నా నుంచి మొదలుపెడతారు.

అయితే అన్నిటికన్నా బలమైన సింక్ నాశనం. ఈవ్ ఆన్‌లైన్ 2003 మే నెలలో వచ్చింది, ఐస్లాండ్‌కు చెందిన సీసీపీ దాన్ని నడుపుతుంది. అందులో ఎగిరే ఓడల్లో చాలా భాగం ఆటగాళ్లు తవ్విన ఖనిజాలతో ఆటగాళ్లే కట్టినవి. పేలిపోయిన ఓడ మళ్లీ రాదు. అందుకే యుద్ధం జరిగిన వారం గనివాడికీ, ఓడలు కట్టేవాడికీ, సరుకు మోసేవాడికీ చేతినిండా పని. రెండు నెలలు శాంతి ఉంటే ఆ గేమ్‌లో ప్రధాన వ్యాపార కేంద్రమైన జీటా మార్కెట్‌లో అమ్మేవాళ్ల మధ్య ధరల పోటీ మొదలవుతుంది. 2007లో సీసీపీ ఒక ఆర్థికవేత్తను ఉద్యోగంలోకి తీసుకుని ఈ లెక్కలు గమనించే పని అప్పగించింది. ఎంత పుట్టింది, ఎంత పోయింది అని ఇప్పటికీ ప్రతి నెలా రిపోర్టు ఇస్తారు. మీరూ అలాంటిది ప్రచురించండి. లెక్కలు బయట ఉంటే పుకార్లు తగ్గుతాయి, తప్పు జరిగితే మీకన్నా ముందు ఆటగాళ్లే పట్టుకుంటారు.

ఇక అసలు విషయం, గనులు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మీ సమస్య అచ్చం ఇదే.

ఈవ్‌లో చందమామల నుంచి అరుదైన ఖనిజాలు వచ్చేవి. పాత పద్ధతిలో చందమామ దగ్గర ఒక స్టేషన్ నిలిపి, దానికి ఇంధనం పోస్తూ ఉంటే చాలు, గంటగంటకూ ఖనిజం దానంతటదే పోగయ్యేది. కార్పొరేషన్లు కలిసి కట్టుకున్న, వేలమంది ఉన్న కూటమికైనా ఈ పనికి కావలసింది ఇంధనం పోసి, సరుకు ఎత్తి, అమ్మే కొద్దిమంది మాత్రమే. డబ్బు నేరుగా నాయకుల ఖజానాలో పడేది. 2009 చివర్లో వచ్చిన మార్పులతో టెక్నీషియం అనే ఖనిజానికి విపరీతమైన గిరాకీ వచ్చింది. అది ఎక్కువగా మ్యాప్ ఉత్తర భాగంలోనే దొరికేది. ఉత్తరాన్ని పట్టుకున్న కూటముల దగ్గర డబ్బు కుప్పలు పడింది. 2012లో వాళ్లు ఒకరితో ఒకరు పోట్లాడుకోవడం మాని, ధర నిలబెట్టడానికి ఓటెక్ పేరుతో కార్టెల్ పెట్టుకున్నారు. చమురు దేశాల ఒపెక్‌ను చూసి పెట్టిన పేరది. శత్రువులుగా ఉండాల్సినవాళ్లు భాగస్వాములయ్యారు, యుద్ధాలు తగ్గాయి, ఆ ఖనిజంతో తయారయ్యే టెక్ 2 రకం మెరుగైన ఓడలు కొనేవాళ్లందరూ ఆ ధర భరించారు. సీసీపీ 2013లో ఖనిజాలు దొరికే చోట్లను మార్చేదాకా ఆ పెత్తనం సాగింది.

ఆ రోజుల్లో సాధారణ సభ్యుడి స్థానం ఏమిటో ఖజానా వైపు కూర్చున్న నాకు బాగా కనిపించేది. నాయకులకు అతని సంపాదనతో పని లేదు. యుద్ధం వచ్చినప్పుడు మనిషి కావాలి, మిగతా రోజుల్లో అతను ఉన్నా లేకున్నా ఆదాయం తగ్గదు. గని తవ్వుకునేవాణ్ణి ఎవరైనా పేల్చేస్తే రక్షణకు వెళ్లాలన్న తొందర ఎవరికీ ఉండేది కాదు.

2017లో పద్ధతి మారింది. ఆ కొత్త పద్ధతిలో చందమామ నుంచి పెద్ద ముక్కను రోజుల తరబడి పైకి లాగుతారు. అది పగిలి రాళ్ల గుంపుగా మారితే, సభ్యులు స్వయంగా ఓడలు తెచ్చి తవ్వుకోవాలి. ఖజానాకు వచ్చేది ఆ తవ్వకం మీద పన్ను. దీంతో ఒక్కసారిగా లెక్క తిరగబడింది. ముక్క పగిలే సమయానికి జనం ఆన్‌లైన్‌లో ఉండాలి కాబట్టి, ఏ టైమ్‌జోన్ వాళ్లు ఎక్కువో చూసి ముహూర్తం పెట్టాలి. శత్రువుకూ ఆ సమయం తెలిసిపోవచ్చు కాబట్టి కాపలా నౌకాదళం పెట్టాలి. పన్ను ఎక్కువైతే గనివాళ్లు పక్క కార్పొరేషన్‌కు వెళ్లిపోతారు, కాబట్టి పన్ను తగ్గించి, తవ్విన సరుకును మంచి ధరకు మేమే కొంటామని ప్రకటనలు ఇవ్వాలి. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని గనివాణ్ణి బతిమాలి చేర్చుకోవడం మొదలైంది. నాయకులు రాత్రికి రాత్రి మంచివాళ్లు అయిపోలేదు. డబ్బు వచ్చే దారి మారింది, దాంతో ఎవరి మాట వినాలో అదీ మారింది.

మీ గేమ్‌లో గని పట్టుకుంటే గంటకింత ఖనిజం గిల్డ్ గోదాములో పడుతోంది. అంటే మీరు పాత చందమామల్నే కట్టారు. పెద్ద గిల్డ్‌కి కొత్త సభ్యులు అక్కర్లేదు, పక్కవాళ్లు అక్కర్లేదు, మార్కెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. అందుకే గేటు వేసుకుని కూర్చుంది. గని మనుషులు పనిచేస్తేనే పండేలా మార్చండి. గిల్డ్ వాటా పన్ను రూపంలో రానివ్వండి, ఆ పన్ను శాతం గని ముఖద్వారం దగ్గరే అందరికీ కనిపించనివ్వండి. బయటివాళ్లు కూడా పన్ను కట్టి తవ్వుకునే వీలు ఇవ్వండి. అప్పుడు వాళ్లను తరిమేయడం ఆ గిల్డ్‌కే నష్టం.

పన్ను అనగానే అంతా సజావుగా సాగిపోతుందని కాదు. లీనియేజ్ 2లో కోట పట్టుకున్న క్లాన్ (గిల్డ్ లాంటిదే) ఆ ప్రాంతపు దుకాణాల మీద పన్ను నిర్ణయించేది. కొరియాలోని బార్ట్స్ సర్వర్‌లో డ్రాగన్ నైట్స్ అనే బలమైన క్లాన్, దాని మిత్రులు కలిసి పన్ను పెంచారు, మంచి వేట స్థలాలు తమవే అన్నారు. 2004లో మిగతావాళ్లు తిరగబడ్డారు. సరైన కవచం కూడా లేని కొత్త ఆటగాళ్లు, వేరే సర్వర్ల నుంచి ఇందుకోసమే వచ్చి మొదటి లెవెల్ పాత్రలు పెట్టుకున్నవాళ్లు, గుంపులు గుంపులుగా యుద్ధంలోకి దిగారు. ఒక్కొక్కరు ఒక్క దెబ్బకే చచ్చేవాళ్లు, అయినా దారులు కిక్కిరిసేలా వచ్చారు. కోట పోయింది. తర్వాత గెలిచిన కూటమి పంపకాల దగ్గర చీలిపోయింది, పోరు ఏళ్ల తరబడి సాగింది. ఆన్‌లైన్ ప్రపంచాల చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది. మీ డిజైన్‌కి ఇందులో గమనించాల్సింది ఒకటుంది. తక్కువ లెవెల్ ఆటగాళ్లు వందమంది కలిస్తే ఒక పెద్ద యోధుణ్ణి కాస్తయినా ఆపగలగాలి. లెవెల్ తేడా వల్ల దెబ్బ అసలు తగలదు అన్నట్టుగా లెక్కలు రాస్తే, మీ సర్వర్‌లో ఇలాంటి తిరుగుబాటు ఎన్నటికీ పుట్టదు. విసిగినవాళ్లు ఆట మానేసి వెళ్లిపోతారంతే.

ఖజానాలోకి వచ్చిన డబ్బు తిరిగి ఎలా వెళ్తుందన్నది కూడా రాజకీయమే. ఈవ్ కూటముల్లో ఓడ నష్టపరిహారం పెద్ద ఖర్చు. పని ఇలా ఉంటుంది: యుద్ధంలో ఓడ పోగొట్టుకున్నవాడు కిల్‌మెయిల్ (ఓడ పేలినప్పుడు గేమ్ ఇచ్చే నష్టం రిపోర్టు) లింక్ పంపుతాడు. అతను మన నౌకాదళంతోనే ఉన్నాడా, చెప్పిన ఓడే తెచ్చాడా, అందులో చెప్పిన పరికరాలే బిగించాడా అని ఖజానా చూసేవాళ్లు పరిశీలిస్తారు. ఒక్క గన్ తేడా ఉన్నా వాదన మొదలవుతుంది. ఓడిపోయిన రాత్రి వందల లింకులు వస్తాయి. ఆ డబ్బు మర్నాటికి అందితే జనం మళ్లీ వస్తారు. వారం ఆలస్యమైతే తర్వాతి పిలుపుకి సగంమంది రారు. పెద్ద కూటములు కూలిపోయిన సందర్భాల్లో నేను చూసినంతవరకు, ఓడిపోవడం కన్నా ఈ చెల్లింపులు ఆగిపోవడం ఎక్కువ దెబ్బ తీసింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గిల్డ్‌ల్లో డీకేపీ అని పాయింట్ల లెక్క నడిచింది. రెయిడ్‌కి, అంటే గిల్డ్ గుంపుగా చేసే పెద్ద దాడికి, వచ్చిన ప్రతిసారీ పాయింట్లు చేరతాయి, లూట్ (దాడిలో దొరికే వస్తువులు) వచ్చినప్పుడు వాటితో వేలం పాడుకోవాలి. గేమ్‌లో ఆ సదుపాయం లేకపోయినా ఆటగాళ్లు స్ప్రెడ్‌షీట్‌లలో సొంతంగా కట్టుకున్నారు. న్యాయం జరుగుతోందన్న నమ్మకం కోసం జనం అంత కష్టపడతారు. మీరు గిల్డ్ ఖజానాకు చిట్టా పెట్టండి. ఎవరు ఎంత వేశారు, ఎవరు ఎంత తీశారు, ప్రతి సభ్యుడికీ కనిపించాలి.

అధికారాల విషయంలోనూ జాగ్రత్త పడండి. 2009 ఫిబ్రవరిలో ఈవ్‌లో అప్పటి మహాశక్తి బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌లో డైరెక్టర్ స్థాయి మనిషి ఒకరు శత్రువైన గూన్‌స్వార్మ్ వైపు తిరిగి, లోపలి నుంచే కూటమిని రద్దు చేసేశాడు. భూభాగాల హక్కు కూటమి పేరు మీద ఉండేది కాబట్టి, ఏళ్లపాటు నౌకాదళాలు కాపాడిన డెల్వ్ ప్రాంతంలో వాళ్ల హక్కులు ఆ పేరుతోపాటే పోయాయి. 2014 జనవరి 27న బీ-ఆర్5ఆర్‌బీ అనే చోట ఇంకోటి జరిగింది. భూభాగపు బిల్లు గడువులోగా చెల్లించకపోవడంతో ఒక కూటమి స్థావరం మీద హక్కు జారిపోయింది, ఎదుటివాళ్లు వెంటనే దిగారు. దాదాపు 21 గంటల యుద్ధం, 7,500 మందికి పైగా ఆటగాళ్లు, టైటాన్లు అనే అతిపెద్ద ఓడలు 75 బూడిద. సర్వర్ తట్టుకోవడానికి ఆట కాలాన్ని పదో వంతుకు నెమ్మదింపజేయాల్సి వచ్చింది. నష్టం 11 లక్షల కోట్ల ఐఎస్‌కే (ఈవ్‌లోని డబ్బు), బయటి డబ్బులో 3 లక్షల డాలర్లు అని లెక్కగట్టారు. ఈ కథలు గేమ్‌కి గొప్ప పేరు తెచ్చాయి, నిజమే. చిన్న గేమ్ మాత్రం ఇలాంటి దెబ్బ తట్టుకోలేదు. గిల్డ్ రద్దు చేయాలంటే కొన్ని రోజుల గడువు, ఇంకొందరి సమ్మతి ఉండేలా పెట్టండి. గూఢచర్యం, మోసం ఉండనివ్వండి. ఒక్క క్లిక్‌తో అందరి ఏళ్ల శ్రమ పోయే దారి మాత్రం మూసేయండి.

ఇక మీరు ప్రస్తావించని ఒక పక్షం ఉంది, అది మీరే. ఆ ప్రపంచంలో చట్టం రాసేదీ, డబ్బు ముద్రించేదీ, తీర్పు చెప్పేదీ కంపెనీయే. 2007లో ఒక సీసీపీ ఉద్యోగి తాను ఆడే కూటమి వైపు విలువైన బ్లూప్రింట్లు (వస్తువుల తయారీకి కావలసిన నమూనాలు) చేరేలా చేశాడని బయటపడింది. నమ్మకం దెబ్బతింది. ఉద్యోగుల ఆట మీద నిఘాకి అంతర్గత విభాగం వచ్చింది, 2008లో ఆటగాళ్లు ఓట్లేసి ఎన్నుకునే కౌన్సిల్ మొదలైంది. 2011లో దుస్తుల షాపులో ఒంటికంటి అద్దం ధర 60 డాలర్లు దాటడం, డబ్బిస్తే బలం కొనుక్కోవచ్చేమోనన్న అనుమానం కలిసి జీటాలో పెద్ద నిరసన లేచింది. వేలమంది అక్కడి స్మారకం మీద కాల్పులు జరిపారు, చాలామంది సభ్యత్వాలు రద్దు చేసుకున్నారు, కంపెనీ దిగొచ్చి క్షమాపణ చెప్పింది. రూన్‌స్కేప్‌లో, గోల్డ్‌ను అసలు డబ్బుకి అమ్మేవాళ్లను అరికట్టడానికి 2008 జనవరిలో స్వేచ్ఛా వ్యాపారం ఆపేశారు. నిజాయితీగా ఆడేవాళ్లు కూడా స్నేహితుడికి వస్తువు ఇచ్చుకోలేని పరిస్థితి వచ్చింది. 2010 చివర్లో ఓటింగ్ పెడితే 12 లక్షల మందికి పైగా ఓటేశారు, 91 శాతం తిరిగి కావాలన్నారు, 2011 ఫిబ్రవరి 1న తిరిగి వచ్చింది. మీ టీమ్‌లో ఎవరెవరు ఏ గిల్డ్‌లో ఆడుతున్నారో ముందే ఒక చోట రాసుకోండి. ఎకానమీ సంఖ్యలు మార్చే అధికారం ఉన్నవాళ్లు పెద్ద గిల్డ్‌ల్లో ఉండకూడదన్న నియమం మొదటి రోజు నుంచే పెట్టండి.

నిజమైన డబ్బుతో గోల్డ్ కొనే ఏర్పాటు గురించి ఒక్క మాట. తొందరపడకండి. డయాబ్లో 3 2012లో అసలు డబ్బుతో కొనుక్కునే ఆక్షన్ హౌస్ తెచ్చింది. రాక్షసుల్ని చంపి వస్తువు సంపాదించడం కన్నా మార్కెట్లో వెతకడమే సులువైపోయింది, ఆటలో ఆటే మిగల్లేదు. 2014 మార్చి 18న దాన్నీ, గేమ్ గోల్డ్‌తో నడిచేదాన్నీ, రెండు ఆక్షన్ హౌస్‌లనూ మూసేశారు. ఆక్సీ ఇన్ఫినిటీ అనే క్రిప్టో గేమ్‌లో, ఆడి సంపాదించి అసలు డబ్బుకి అమ్ముకోగల టోకెన్‌కి పెద్ద సింక్ కొత్త ప్రాణుల్ని పుట్టించడం. ఆ ప్రాణుల్ని కొనేది కొత్తగా చేరేవాళ్లు. చేరేవాళ్లు తగ్గగానే టోకెన్ ధర కూలింది, దాని మీద ఇల్లు గడుపుకున్నవాళ్లు నష్టపోయారు. ఈవ్‌లోని ప్లెక్స్ లాంటిది ఇంతకన్నా నయం. ఒకరు డబ్బుతో కొన్న ఆట సమయాన్ని ఇంకొకరు గేమ్ డబ్బుతో కొంటారు, కొత్త గోల్డ్ పుట్టదు. అదైనా మీ మార్కెట్ ఒక ఏడాది నిలకడగా నడిచాక ఆలోచించండి.

తర్వాతి టెస్ట్‌కి నేనైతే మార్కెట్ పన్నును ముట్టుకోను, గిల్డ్ పరిమితి పెట్టను. గనుల దిగుబడి పద్ధతి మార్చి, ఎన్‌పీసీల కొనుగోలు ధరలు సరిచూసి, పనిముట్లు, ఆయుధాలు వాడకంతో అరిగి పూర్తిగా పోయేలా చేస్తాను. రోజుకు ఎంత గోల్డ్ పుట్టింది, ఎంత పోయింది, పై పది గిల్డ్‌ల ఖజానాకు ఏ దారిన ఎంత వచ్చింది అనే మూడు లెక్కలు రాస్తాను. మూడు వారాల లెక్కలు చేతికొచ్చాక ఇక్కడ పెట్టండి. పెద్ద గిల్డ్ ఆదాయంలో సభ్యుల పన్ను వాటా ఎంతుందో ముందుగా అది చూద్దాం.